కీళ్లు కుదుటపడ్డాయి.. కడుపు సంగతేంటి?

పొద్దున లేచేసరికి వేళ్లు ముడుచుకోవు. చెంబు పట్టుకుంటే జారిపోతుంది. గంట గడిస్తేగానీ చేతులు దారికి రావు. షోలాపూర్ పూర్వభాగంలో బీడీలు చుట్టి ఇల్లు నడిపే తెలుగు ఇల్లాలికి ఇలా తెల్లారిందంటే ఆ రోజు కూలి పోయినట్టే. ఆసుపత్రికి వెళ్తే కీళ్లవాతం అన్నారు. రోజుకొక చిన్న మాత్ర రాశారు. మూడు రోజులు తిరిగేసరికి వేళ్లు ఆడాయి. దేవుడిచ్చిన మందు అనుకుంది.

నాలుగు నెలలు పోయాక మోకాళ్లలో మళ్లీ వాపు. పక్కింటావిడ వచ్చి, "వదినా, మా ఆయన నడుము నొప్పికి ఏసుకునే గోళీ ఇది. ఒక్కటేసుకో, పొద్దుగూకేసరికి తగ్గుతది" అంది. తగ్గింది. ఒక్కటి కాస్తా రోజూ రెండు అయ్యాయి. ఆ తర్వాత కడుపులో మంట, పుల్లటి తేన్పులు. కొన్నాళ్లు మజ్జిగతో సర్దుకుంది. చివరికి విసుగెత్తి, "ఈ గోళీలే వద్దు" అని అన్నీ ఒక్కసారే ఆపేసింది.

ఇది ఏ ఒక్కరి కథా కాదు. బళ్లారిలో, హోసూరులో, బరంపురంలో, భివండిలో, యానాంలో.. కీళ్లవాతం ఉన్న ఏ ఇంట్లోనైనా కాస్త అటూ ఇటూగా జరిగేదే. ఇందులో రెండు తప్పులున్నాయి. మాత్రకు మాత్ర తోడు చేయడం ఒకటి. అన్నీ ఒక్కసారే ఆపేయడం రెండోది. కడుపులో పుండు పడేది ఎక్కువగా మొదటి తప్పు వల్ల. హఠాత్తుగా ప్రాణం మీదికి వచ్చేది రెండో తప్పు వల్ల. నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఈ రెండూ తెలుసుకుని తీరాలి.

నోబెల్ తెచ్చిన మందు

కీళ్లవాతం అంటే వయసు మీద పడి మోకాళ్లు అరగడం కాదు. మనల్ని కాపాడాల్సిన రోగ నిరోధక శక్తే దారి తప్పి మన కీళ్ల మీద పడుతుంది. లోపలి పొర వాచి, ఏళ్లు గడిచేకొద్దీ ఎముకను తినేస్తుంది. మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఢిల్లీ పక్కనున్న బల్లభ్‌గఢ్ పల్లెల్లో చేసిన సర్వే 1993లో అచ్చయింది. వెయ్యి మంది పెద్దవాళ్లను చూస్తే ఏడెనిమిది మందికి ఈ జబ్బు ఉందని తేలింది. లెక్కకు తక్కువే అనిపిస్తుంది. కానీ లక్ష మంది పెద్దవాళ్లున్న ఊళ్లో ఏడెనిమిది వందల మంది అన్నమాట.

ఈ జబ్బుకు 1948 దాకా చెప్పుకోదగ్గ మందు లేదు. ఆ ఏడాది సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు మంచం పట్టిన ఓ మహిళకు కార్టిజోన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. కొద్దిరోజుల్లోనే ఆమె లేచి నడిచింది. ప్రపంచం నోరెళ్లబెట్టింది. రెండేళ్ల తర్వాత, 1950లో హెంచ్‌కూ, ఆయనతో పాటు ఎడ్వర్డ్ కెండల్, తాదెయుష్ రైఖ్‌స్టైన్‌లకూ నోబెల్ బహుమతి వచ్చింది. అయితే మందు ఆపితే జబ్బు తిరిగొస్తుందనీ, ఎక్కువకాలం వాడితే ఒళ్లంతా మూల్యం చెల్లిస్తుందనీ ఆ తొలి ఏళ్లలోనే బయటపడింది. మొహం గుండ్రంగా ఉబ్బడం, షుగరు, బీపీ, ఎముకలు పెళుసుబారడం, కంట్లో శుక్లాలు.. ఈ జాబితాలో కడుపూ చేరింది.

ఇప్పుడు మన చీటీల్లో ఎక్కువగా కనిపించేది ప్రెడ్నిసొలోన్. వైసొలోన్, ఓమ్నాకార్టిల్ అని షాపులో ఇచ్చేవి ఇవే. మిథైల్ ప్రెడ్నిసొలోన్, డెఫ్లాజకార్ట్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ కూడా ఈ కుటుంబంలోవే. పేరు చివర "సోన్", "లోన్" అని ఉంటే ఓసారి డాక్టరును అడిగి తెలుసుకోవడం మంచిది.

పొయ్యి వేరు.. గోడ వేరు

మన జీర్ణాశయంలో ఊరే ఆమ్లం మాంసాన్ని సైతం అరిగించగలదు. మరి ఆ ఆమ్లం కడుపునే ఎందుకు అరిగించదు? లోపలి గోడకు జిగట పూత ఒకటి ఉంటుంది. గోడకు ఎక్కడైనా చిన్న గీత పడితే గంటల్లోనే కొత్త కణాలు వచ్చి పూడ్చేస్తాయి. ఈ పూతను, మరమ్మతును చూసుకునేవి ప్రొస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. కీళ్లలో వాపు, నొప్పి పుట్టించేవీ ఈ జాతివే. చిక్కంతా అక్కడే ఉంది.

నొప్పి మాత్రలు.. అంటే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ లాంటివి.. ప్రొస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటాయి. కీలు చల్లబడుతుంది. దాంతోపాటే కడుపు గోడ పూత కూడా పలచబడుతుంది. ఆమ్లం తగిలి పుండు మొదలవుతుంది. స్టెరాయిడ్ చేసే పని వేరు. అది పుండును మానకుండా ఆలస్యం చేస్తుంది. ఒకటి గోడకు కన్నం వేస్తే, రెండోది మేస్త్రీని పనిలోకి రానివ్వదు. ఇద్దరూ కలిస్తే గోడ నిలవదు.

దీనికి లెక్కలున్నాయి. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో 65 ఏళ్లు దాటినవాళ్ల రికార్డులు తిరగేసి 1991లో ఓ పరిశోధన ప్రచురించారు. స్టెరాయిడ్ మాత్ర ఒక్కటే వేసుకునేవాళ్లలో అల్సర్ ముప్పు దాదాపు మామూలు మనుషులతో సమానం. స్టెరాయిడ్‌కు నొప్పి మాత్ర కూడా తోడైనవాళ్లలో మాత్రం, రెండూ వాడనివాళ్లతో పోలిస్తే, ముప్పు 15 రెట్లు! ఆ తర్వాత 2014లో 159 పరిశోధనలను గుదిగుచ్చి చూశారు. స్టెరాయిడ్ వాడేవాళ్లలో కడుపులో రక్తస్రావం, పేగుకు రంధ్రం పడటం లాంటివి మొత్తం మీద 40 శాతం పైచిలుకు ఎక్కువ. అయితే ఈ తేడా ఆసుపత్రిలో పడకమీద ఉన్న రోగుల్లోనే స్పష్టంగా కనిపించింది. ఇంటి దగ్గర ఉండి మందు వాడుకునేవాళ్లలో ఖాయంగా చెప్పగలిగినంత తేడా తేలలేదు.

అందుకని స్టెరాయిడ్ కడుపుకు మంచిదే అనుకోకూడదు. వయసు 65 దాటినా, ఇంతకుముందు అల్సర్ వచ్చి ఉన్నా, గుండెకు ఆస్పిరిన్ వేసుకుంటున్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా, మోతాదు ఎక్కువైనా జాగ్రత్త తప్పదు. స్టెరాయిడ్ వల్ల ఆకలి పెరిగి, బరువు పెరిగి, ఛాతీలో మంట వచ్చేవాళ్లూ ఉన్నారు. కొందరికి నోట్లో, గొంతులో తెల్లటి పూత కట్టి మింగుతుంటే నొప్పి వస్తుంది. అది ఫంగస్ కావచ్చు. గ్యాస్ మాత్రలతో పోదు.

నొప్పి లేదని నమ్మొద్దు

కడుపులో పుండు పడితే నొప్పి రావాలి కదా అంటారు. స్టెరాయిడ్ వేసుకునేవాళ్ల దగ్గర ఈ లెక్క తప్పుతుంది. వాపును, జ్వరాన్ని, నొప్పిని అణచడమే ఆ మందు పని. కీలు దగ్గర అణిచినట్టే కడుపులోనూ అణుస్తుంది. పేగుకు రంధ్రం పడినా కొందరికి కొద్దిపాటి అసౌకర్యం తప్ప పెద్ద బాధ తెలియదు. చెయ్యి పెట్టి చూస్తే గట్టిగా బిగుసుకోవాల్సిన పొట్ట మెత్తగానే ఉండొచ్చు. జ్వరమూ రాకపోవచ్చు. అనుభవమున్న వైద్యులు కూడా పొరబడే సందర్భమిది. అందుకే స్టెరాయిడ్ వాడుతున్న సంగతి వాళ్లకు ముందే తెలియాలి.

కాబట్టి నొప్పికన్నా ఈ గుర్తులు చూసుకోండి. మోషన్ నల్లగా, తారులా జిగటగా, చెడు వాసనతో రావడం. ఇది కడుపులో కారిన రక్తం అరిగి బయటపడుతున్నదానికి గుర్తు. ఐరన్ మాత్రలు వేసుకున్నా మోషన్ నల్లబడుతుంది. అనుమానం ఉంటే తేల్చాల్సింది డాక్టరే. వాంతిలో రక్తం గానీ, కాఫీ పొడి లాంటి ముక్కలు గానీ పడటం. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కళ్లు తిరగడం, చెమటలు. ఒక్కసారిగా పొట్టలో ఏదో తెగినట్టనిపించడం, అది కాసేపటికి తగ్గిపోయినా సరే. వీటిలో ఏది కనిపించినా తెల్లారనిద్దాం అనుకోవద్దు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

మంట వచ్చిందని ఆపేస్తే?

మన రెండు మూత్రపిండాల మీద టోపీల్లా అడ్రినల్ గ్రంథులు ఉంటాయి. ఒంటికి రోజూ కావలసిన స్టెరాయిడ్‌ను, అంటే కార్టిసాల్‌ను, ఇవే తయారు చేస్తాయి. బయటి నుంచి మాత్ర వస్తుంటే అవి పని మానుకుంటాయి. మూడు నాలుగు వారాలు దాటి మాత్ర వేసుకున్నవాళ్లలో ఈ గ్రంథులు నిద్రలోకి జారుకుని ఉండొచ్చు. మళ్లీ మేల్కోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా మాత్ర ఒక్కసారే ఆపేస్తే ఒంట్లో ఉన్నది ఖాళీ, కొత్తగా వచ్చేది సున్నా.

అప్పుడు కనిపించే లక్షణాలు చూడండి. వాంతులు, కడుపు నొప్పి, విపరీతమైన నీరసం, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం. ఇవి చూసి, "కడుపు ఇంకా చల్లబడలేదు, మాత్ర ఆపడమే మంచిదైంది" అనుకునేవాళ్లుంటారు. నిజానికి మాత్ర ఆపడం వల్లే ఆ వాంతులు. సమయానికి హైడ్రోకార్టిజోన్ ఇంజెక్షను, సెలైను ఎక్కించకపోతే ప్రాణాపాయం.

కాబట్టి మంట వచ్చినప్పుడు ఆపాల్సింది సొంతంగా తోడు చేసుకున్న నొప్పి మాత్రను. స్టెరాయిడ్‌ను మాత్రం డాక్టరు చెప్పిన మెట్ల ప్రకారమే కొద్దికొద్దిగా తగ్గించాలి. వేరే ఏ కారణం వల్లనైనా వాంతులు పట్టుకుని మాత్ర కడుపులో నిలవకపోతే అది కూడా అత్యవసరమే. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, "నేను రోజూ స్టెరాయిడ్ వేసుకుంటాను, ఇవాళ నిలవలేదు" అని చెప్పాలి.

చీటీ ఒక ఊరిది.. మందు ఇంకో ఊరిది

సరిహద్దు ఊళ్లలో మనకో అదనపు చిక్కు ఉంది. చిత్తూరు వైపు వాళ్లు వేలూరు వెళ్తారు. బరంపురం, రాయగడ వాళ్లు ఒకసారి అక్కడే చూపించుకుంటే మరోసారి విశాఖ రైలెక్కుతారు. యానాం వాళ్లకు కాకినాడ దగ్గర. బళ్లారి వాళ్లు కొన్నాళ్లు అక్కడ, కొన్నాళ్లు బెంగళూరులో, చుట్టాలుంటే హైదరాబాదులో. పెద్ద ఆసుపత్రిలో రాసిన చీటీ ఒకటి, వీధి చివర డాక్టరుది ఇంకొకటి. ఒక చీటీలో వైసొలోన్, రెండో చీటీలో ఓమ్నాకార్టిల్ ఉంటే వేర్వేరు మందులనుకుని రెండూ మింగేవాళ్లకు మోతాదు రెట్టింపవుతుంది. నొప్పి మాత్రల సంగతీ అంతే. పది పేర్లతో వస్తాయి. పారాసెటమాల్‌తో కలిపి ఒకే మాత్రగా కూడా అమ్ముతారు. పైన కంపెనీ పేరు కాకుండా కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చూడాలి.

"మాత్ర కదా కడుపుకు పడనిది, సూది వేయించుకుంటే ఏం కాదు" అనేది ఇంకో అపోహ. డైక్లోఫెనాక్ ఏ దారిన వెళ్లినా రక్తంలో కలిసే తీరుతుంది. కడుపు పూతను పలచన చేసేది కూడా రక్తంలోంచే. పైన రాసుకునే జెల్లు అయితే ఒంట్లోకి వెళ్లేది బాగా తక్కువ. ఉత్త నొప్పికి పారాసెటమాల్ కడుపుకు మేలు. కాలేయ జబ్బు, మద్యం అలవాటు ఉన్నవాళ్లు దాన్నీ అడిగే వేసుకోవాలి.

పేరు లేని పొట్లాల సంగతి మరీ ఘోరం. "మూలికల మందు, కీళ్ల నొప్పి మూడు రోజుల్లో మాయం" అంటూ సంతల్లో, బస్టాండ్ల దగ్గర అమ్మే పొడుల్లో స్టెరాయిడ్, నొప్పి మాత్రలు దంచి కలిపిన ఉదంతాలు దేశంలో ఎన్నోసార్లు పరీక్షల్లో బయటపడ్డాయి. ఏళ్ల నాటి నొప్పి రెండు రోజుల్లో చేత్తో తీసేసినట్టు పోయిందంటే సంతోషించే ముందు అనుమానించాలి. ఆ పొడి వాడుతున్నవాళ్లు కూడా ఒక్కసారే ఆపకుండా, పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నాలుగు భాషల్లో ఒక్క మాట

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఆసుపత్రిలో ఇంకో భాషలో బాధ చెప్పుకోవడం మనకు అలవాటే. తలనొప్పి, జ్వరం చెప్పడం అందరికీ వచ్చు. మోషన్ సంగతి చెప్పడానికి మాటా తెలియదు, పైగా సిగ్గు. మా ఆడవాళ్లైతే కొడుకు పక్కనుంటే అసలే చెప్పరు. ఈ నాలుగు ముక్కలూ కత్తిరించి దగ్గర పెట్టుకోండి.

కన్నడంలో: "మల కప్పగె హోగ్తా ఇదె." తమిళంలో: "మలం కరుప్పా పోగుదు." ఒడియాలో: "ఝాడా కళా హఉఛి." మరాఠీలో: "సండాస్ కాళీ హోతే." అన్నిటికీ అర్థం ఒక్కటే, మోషన్ నల్లగా వస్తోందని. ఇక "స్టెరాయిడ్" అన్న మాట ఏ రాష్ట్రంలోనైనా అదే. దానికి అనువాదం అక్కర్లేదు. మందు పేరు, మోతాదు, ఎప్పటి నుంచి వాడుతున్నారు అన్నది ఇంగ్లిషులో ఓ కాగితం మీద రాయించుకుని పర్సులో పెట్టుకోండి. ఎక్కడైనా పడిపోతే మన తరఫున మాట్లాడేది ఆ కాగితమే.

ఇలా చేస్తే మేలు

- స్టెరాయిడ్ మాత్రను ఉదయం టిఫిన్ చేశాక వేసుకోవాలి. ఒంట్లో సహజంగా కార్టిసాల్ ఎక్కువుండేది పొద్దున్నే. రాత్రి వేసుకుంటే నిద్ర పట్టకపోవచ్చు.

- కడుపుకు రక్షణగా రాసే పాంటొప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోవాలి. అన్నం తిన్నాక మంట పుట్టినప్పుడు వేసుకుంటే పూర్తి ఫలితం ఉండదు. అలాగని జీవితాంతం అడక్కుండా వాడేవి కావు. ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది. ఎముకలు విరిగే ముప్పు కూడా కాస్త ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. ఎవరికి అవసరం, ఎన్నాళ్లు అన్నది డాక్టరు తేల్చాలి.

- పాలు, మజ్జిగ, సోడా పొడి మంటను కాసేపు చల్లారుస్తాయి. పుండును మాన్పవు. మంట వారం దాటితే చూపించుకోవాలి.

- ఇంతకుముందు అల్సర్ వచ్చి ఉంటే హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా ఉందేమో పరీక్ష చేయించుకోవాలి. మన దేశంలో ఇది చాలామంది కడుపుల్లో ఉంటుంది. రెండు వారాల మందులతో పోగొట్టొచ్చు.

- బీడీ, సిగరెట్, ఖైనీ, మద్యం మానాలి. పొగ కడుపు పుండును మాననివ్వదు, కీళ్లవాతాన్నీ ముదరబెడుతుంది.

- ఎన్ని చీటీలున్నా ఒకే సంచిలో వేసుకుని, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా అన్నీ చూపించాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. "డాక్టరుగారూ, ఈ స్టెరాయిడ్ నాకు ఇంకా ఎన్నాళ్లు?" అని అడగండి. కీళ్లవాతంలో స్టెరాయిడ్ మంటను ఆర్పే బిందెడు నీళ్లలాంటిది. అసలు జబ్బును అదుపులో పెట్టేవి మెథోట్రెక్సేట్, సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ లాంటి మందులు. ఇవి పనిచేయడానికి వారాలు, నెలలు పడుతుంది. ఆ లోపు ఊరట కోసం స్టెరాయిడ్ ఇచ్చి, తర్వాత వీలైనంత త్వరగా తగ్గించి ఆపేయాలన్నది ఐరోపా కీళ్లవ్యాధి నిపుణులు 2022లో సవరించిన సూచనల సారం. మూడు నెలలు, ఆపైన కొనసాగించవద్దని అమెరికా నిపుణుల సంఘం 2021లో గట్టిగానే చెప్పింది. లూపస్ లాంటి జబ్బుల్లో లెక్క వేరు. అక్కడ స్టెరాయిడే ప్రాణం నిలబెట్టొచ్చు. మెథోట్రెక్సేట్ కూడా వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మందు. పొరపాటున రోజూ మింగితే ప్రమాదం.

పాత చీటీ పట్టుకుని షాపుకెళ్లి ఏళ్ల తరబడి అదే మాత్ర తెచ్చుకోవడమే అసలు జబ్బు. ఆ మాత్ర చవక. డాక్టరు దగ్గరికెళ్తే బస్సు చార్జీ, ఫీజు, ఒక రోజు కూలి పోతాయి. అందుకే చాలామంది వెళ్లరు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. కనీసం మూడు నెలలకోసారి ఆ ఒక్క రోజు కూలి వదులుకుంటే, కడుపు తెగి ఆసుపత్రిలో పడి పోగొట్టుకునే నెల కూలి మిగులుతుంది.

మీ ఇంట్లో అమ్మో, అత్తో, వదినో కీళ్ల మాత్రలు వేసుకుంటూ ఉంటే ఈ సాయంత్రం ఒక పని చేయండి. ఆమె మందుల డబ్బా ముందు పెట్టుకుని కూర్చోండి. ఒక్కో అట్ట తీసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న పేరు చదవండి. స్టెరాయిడ్ పక్కనే నొప్పి మాత్ర కనిపిస్తే, అది ఎవరు రాశారో అడగండి. "పక్కింటావిడ ఇచ్చింది" అని సమాధానం వస్తే, ఆ అట్ట పక్కన పెట్టి, రేపు పొద్దున్నే డాక్టరుకు చూపించండి.